మచ్చలేని పెయింట్‌నే ముందు అనుమానించండి

పాత స్పోర్ట్స్ కార్ల కొనుగోలు గురించి వచ్చిన ఉత్తరాలలో ఈసారి ఎక్కువ భాగం పెయింట్ గురించే ఉన్నాయి. ఇంజన్ సంగతి మెకానిక్ చూస్తాడు, యాజమాన్యం సంగతి కాగితాలు చెబుతాయి. పెయింట్ మాత్రం అందరికీ కనిపిస్తుంది కానీ దాన్ని చదవడం కొందరికే తెలుసు కనుక ఈ సందేహాలు సహజమే. ఒకే తీరు ప్రశ్నలను కలిపి ఆరింటికి ఇక్కడ జవాబిస్తున్నాను. మొదటి జవాబు పొడవుగా ఉంటుంది, తర్వాతవాటిలో చాలావరకు దాని మీదే ఆధారపడతాయి.

ప్రశ్న: 1980ల నాటి పోర్షె 911లు రెండు చూశాను. రెండూ ఒకే మోడల్, అడుగుతున్న ధరలూ దాదాపు ఒకటే. మొదటిదాని బానెట్ ముందు అంచున రాళ్లు తగిలిన చిన్న చిన్న దెబ్బలు, తలుపు అంచున బ్రష్‌తో అద్దిన టచప్ చుక్కలు ఉన్నాయి. పైకప్పు మెరుపు తగ్గింది. పెయింట్ ఫ్యాక్టరీలో వేసినదేనని యజమాని అంటున్నారు. రెండోది అద్దంలా ఉంది, ఎంత వెతికినా ఒక్క గీత కనిపించలేదు. ఇంట్లో అందరూ రెండోదే కొనమంటున్నారు. నా మనసు ఎందుకో మొదటిదాని వైపు లాగుతోంది. ఏది కొనాలి?

జవాబు: మీ మనసు లాగుతున్న వైపే నేనూ ఉంటాను, అయితే మనసు చెప్పిందన్న కారణంతో కాదు. పాత కారు పెయింట్‌ను చూసేటప్పుడు ‘లోపం ఉందా, లేదా’ అని అడగడం కన్నా ‘కనిపిస్తున్న లోపం ఈ కారు గురించి మనకు చెప్పిన కథతో పొసగుతోందా, లేదా’ అని అడగడం ఎక్కువ ఉపయోగపడుతుంది. మూడు నాలుగు దశాబ్దాలు రోడ్డు మీద తిరిగిన కారుకు రాళ్ల దెబ్బలు తగలకుండా ఉండవు. ముందు వెళ్లే వాహనాల టైర్లు ఎగజిమ్మే కంకర బానెట్ అంచుకూ, పక్క అద్దాల డొప్పలకూ, 911లోనైతే వెనక చక్రాల ముందు ఉబ్బెత్తుగా ఉండే ఫెండర్ (చక్రాన్ని కప్పే రేకు) భాగానికీ తగులుతుంది. మొదటి కారు మీద ఉన్న మచ్చలు ఉండవలసిన చోటే ఉన్నాయి. మీటరు పెద్ద అంకె చూపిస్తూ, ముందు భాగం మాత్రం నిన్న ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టు ఉంటే, ఆ భాగానికి ఎవరో మళ్లీ పెయింట్ వేశారని అనుకోవడమే న్యాయం. కొత్తలోనే రక్షణ ఫిల్మ్ అంటించే అలవాటు ఆ కాలపు కార్లకు దాదాపు లేదు.

ఫ్యాక్టరీ పెయింట్‌కు అంత విలువ ఎందుకన్నది ముందు తెలుసుకోవాలి. ఇటీవలి దశాబ్దాల కార్లలో ఫ్యాక్టరీ దగ్గర పెయింట్ పడేది ఉత్త ఇనుప గుల్ల మీద. అందులో వైర్లు ఉండవు, సీట్లు ఉండవు, రబ్బరు ఉండదు. కాబట్టి ఆ గుల్లను ప్రైమర్‌లో, అంటే లోహం మీద పడే తొలి పూతలో ముంచి 160 నుంచి 180 డిగ్రీల సెల్సియస్ వేడిలోనూ, పై పొరలు వేశాక దాదాపు 140 డిగ్రీల వేడిలోనూ కాల్చగలుగుతారు. వర్క్‌షాపుకు వచ్చే కారులో ఇవన్నీ ఉంటాయి. అక్కడ పెయింట్ వేసే గది వేడిని బాగా పెంచితే ప్లాస్టిక్ భాగాలు వంకరపోతాయి గనుక, సుమారు 60 డిగ్రీల దగ్గరే, వేరే రకం పెయింట్‌ను, గట్టిపడటానికి కలిపే హార్డెనర్ సాయంతో ఆరబెడతారు. మంచి పెయింటర్ చేతిలో అది చూడటానికి ఫ్యాక్టరీ పనికన్నా అందంగానే రావచ్చు. కానీ అది మరో వస్తువు. ఫ్యాక్టరీ పూతను ఒకసారి గీకేశాక దాన్ని మళ్లీ వేయగలిగేవారు ఎక్కడా లేరు. చారిత్రక వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా రూపొందించిన టురిన్ ఛార్టర్ అనే నియమావళి సైతం కొత్తగా తీర్చిదిద్దడం కన్నా ఉన్నదాన్ని ఉన్నట్టు కాపాడటానికే పెద్ద పీట వేస్తుంది. అమెరికాలోని పెబుల్ బీచ్ కార్ల ప్రదర్శనలో పునరుద్ధరణ చేయని కార్లకు ప్రత్యేక విభాగమే ఉంది. సేకర్తల మార్కెట్ కూడా ఈ దారిలోనే నడుస్తోంది.

ఇక మొదటి కారు దగ్గరకు వెళ్లి ఒక్కొక్క దెబ్బనూ దగ్గరగా చూడండి. రాయి తగిలిన గుంటలో బూడిద రంగో తెలుపో కనిపిస్తే దెబ్బ ప్రైమర్ దగ్గర ఆగిందని అర్థం. లోహం మెరుస్తుంటే లోపలిదాకా దిగింది. గుంట చుట్టూ గోధుమ రంగు వలయం ఉంటే తుప్పు మొదలైంది. 1976 మోడల్ సంవత్సరం నుంచి పోర్షె 911 బాడీకి రెండు వైపులా జింకు పూత పూసిన ఉక్కును వాడింది కాబట్టి, ఆ కాలం తర్వాతి కారులో చిన్న రాతి దెబ్బ త్వరగా తుప్పు పట్టదు. దీనికి మరో అర్థం కూడా ఉంది. అలాంటి కారులో ఒక చోట మాత్రమే తుప్పు పొంగి కనిపిస్తే, అక్కడ ఎవరో వెల్డింగ్ చేశారో, గ్రైండర్‌తో జింకు పొరను గీకేశారో అయి ఉండవచ్చు. అలాంటి చోట వివరణ అడగకుండా ముందుకు వెళ్లవద్దు.

పైకప్పు మెరుపు తగ్గడం రెండు రకాలు. వాటి మధ్య తేడా డబ్బులో చాలా పెద్దది. ఆ కాలంలో తెలుపు, ఎరుపు వంటి సాదా రంగులను తరచుగా పైన క్లియర్ కోట్ (రంగు మీద వేసే పారదర్శకమైన పొర) లేకుండా ఒకే రకం పెయింట్‌గా వేసేవారు. మెటాలిక్ రంగుల మీద క్లియర్ కోట్ ఉండేది. యజమాని అనుమతితో, కంటికి కనిపించని మూల ఒక తెల్ల గుడ్డకు కాస్త పాలిష్ రాసి రుద్ది చూడండి. గుడ్డకు కారు రంగు అంటితే అది క్లియర్ కోట్ లేని పెయింట్. పైపైన ఎండకు వెలిసి సుద్దలా మారిన పొర మాత్రమే మందగించింది, ఓపికగా పాలిష్ చేస్తే లోపలి రంగు మళ్లీ బయటపడుతుంది. గుడ్డకు రంగు అంటకపోతే క్లియర్ కోట్ ఉంది. అప్పుడు మెరుపు తగ్గడం సన్నని గీతల వల్లనైతే పాలిష్‌తో పోతుంది, కానీ తెల్లని మబ్బులాంటి మరకలు, వాటి అంచున ఉల్లిపొరలా లేచిన పెచ్చులు ఉంటే ఆ పొర చచ్చిపోయిందన్నమాట. ఏ పాలిష్ కూడా దానికి ప్రాణం పోయలేదు, ఆ భాగానికి మళ్లీ పెయింట్ వేయడం ఒక్కటే మార్గం. దాన్ని బట్టి ధర మాట్లాడాలి. తలుపు అంచున ఉన్న టచప్ చుక్కల గురించి నేను బొత్తిగా బాధపడను. గోరంత దెబ్బకు తలుపంతా పెయింట్ వేయించకుండా బ్రష్‌తో చుక్క పెట్టుకున్న యజమాని, తెలిసో తెలియకో, మీకు మేలే చేశాడు.

రెండో కారును కొట్టిపారేయమని చెప్పడం లేదు. మళ్లీ పెయింట్ వేయడం నేరం కాదు. ఎందుకు వేశారో చెప్పకపోవడమే ఇబ్బంది. పాత పూత మొత్తం లోహం దాకా గీకి, ప్రతి దశలోనూ ఫోటోలు తీసి, వాడిన పెయింట్ బిల్లులు దాచిపెట్టిన యజమాని ఉంటే అది గౌరవించదగిన పని, పైగా గీకిన తర్వాతి ఫోటోలలో లోహం స్థితి అంతా కనిపిస్తుంది గనుక కొనేవారికి ధైర్యం కూడా. అలాంటి ఆధారం ఏదీ లేకుండా ‘ఎప్పుడో వేయించాం’ అన్న మాట మాత్రమే ఉంటే, పైన పటారం లోన లొటారం అన్న సామెత గుర్తుంచుకుని తలుపుల కింది అంచులు, రబ్బరు బీడింగుల చాటు, పెట్రోలు మూత లోపలి గోడ, డిక్కీ కార్పెట్ కింది నేల చూడండి. రంగు పొడి తుంపరలు రబ్బరు మీదా బోల్టుల తలల మీదా పడి ఉన్నాయా, మాస్కింగ్ టేప్ తీసిన చోట వేలికి తగిలే మెట్టు ఉందా, బానెట్ కీళ్ల బోల్టులకు పానా పెట్టిన గీతలు ఉన్నాయా అన్నవి మెరిసే పెయింట్ కన్నా ఎక్కువ చెబుతాయి. అన్నీ బాగున్నా, మళ్లీ పెయింట్ వేసిన కారుకు ఒరిజినల్ పెయింట్ కారు ధర ఇవ్వకూడదు. మీ ముందున్న రెండు ధరలు సమానంగా ఉండటమే ఆ బేరంలో ఉన్న మొదటి తప్పు.

ప్రశ్న: పెయింట్ మందం కొలిచే గేజ్ కొన్నాను. చూడబోయిన కారు బానెట్ మీద 110, పైకప్పు మీద 120, ఎడమ తలుపు మీద 240, ఎడమ వెనక ఫెండర్ మీద 700 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) చూపించింది. కుడి వైపంతా 115 నుంచి 130 మధ్య ఉంది. అమ్మే వ్యక్తి ‘పాత కార్లలో ఇలాగే ఉంటుంది’ అన్నాడు. నిజమేనా?

జవాబు: కుడి వైపు లేని పాతదనం ఎడమ వైపుకు మాత్రమే రాదు కదా! ఇటీవలి దశాబ్దాల ఉక్కు కార్లలో ఫ్యాక్టరీ పెయింట్ మందం సాధారణంగా 90 నుంచి 160 మైక్రాన్ల మధ్య ఉంటుంది. అందులో క్లియర్ కోట్ వాటా 35 నుంచి 50 దాకా. మీ కారు బానెట్, పైకప్పు, కుడి వైపు ఈ లెక్కకు సరిపోతున్నాయి. ఎడమ తలుపు మీద 240 అంటే, ఉన్న పూత మీద మరోసారి పూత వేశారు. అది గీతల కోసం కావచ్చు, పక్క ఫెండర్‌కు రంగు కలపడం కోసం కావచ్చు. వెనక ఫెండర్ మీద 700 అంటే కింద లప్పం ఉంది, అంటే సొట్ట పడిన లోహాన్ని పూర్తిగా సరిచేయకుండా నింపారు. వెనక ఫెండర్ బోల్టులతో బిగించిన భాగం కాదు, బాడీలో వెల్డ్ అయి ఉంటుంది. కాబట్టి ఇప్పుడు చూడవలసింది పెయింట్ కాదు. డిక్కీలో కార్పెట్ ఎత్తి లోపలి వైపు నుంచి ఆ ఫెండర్‌ను, చక్రం గుంతను, నేల మడతల్లో సందులు మూయడానికి పూసిన సీలర్‌ను కుడి వైపుతో పోల్చి చూడండి. ఫ్యాక్టరీ సీలర్ గీత ఒక తీరులో, స్పాట్ వెల్డ్ (చుక్కలుగా వేసిన వెల్డింగ్) గుంటలు సమాన దూరంలో ఉంటాయి. మరమ్మతు చేతిపని ఎంత బాగున్నా ఆ లయ తప్పుతుంది.

గేజ్‌ను నమ్మే ముందు దాని పరిమితులు కూడా తెలిసి ఉండాలి. చవక రకం గేజ్ ఉక్కు మీద మాత్రమే పని చేస్తుంది. అల్యూమినియం మీద కొలవాలంటే దానికి తగిన మరో పద్ధతి ఉన్న గేజ్ కావాలి. 1990లో వచ్చిన హోండా ఎన్ఎస్ఎక్స్ బాడీ అంతా అల్యూమినియమే. ఫెరారీ టెస్టరోసాలో పైకప్పు, తలుపులు ఉక్కు, మిగతా రేకులు చాలావరకు అల్యూమినియం, అంటే ఒకే కారు మీద గేజ్ రెండు రకాలుగా మాట్లాడుతుంది. ఇక ఫైబర్‌గ్లాస్, కార్బన్ ఫైబర్ బాడీల మీద ఈ రెండు రకాలూ పని చేయవు, ధ్వని తరంగాలతో కొలిచే అల్ట్రాసోనిక్ గేజ్ కావాలి. 1953 నుంచి ఇప్పటిదాకా వచ్చిన షెవర్లే కార్వెట్లు, 1975 నుంచి 1977 దాకా తయారైన తొలి ఫెరారీ 308 జీటీబీలు, లోటస్ ఎలీజ్ ఈ కోవలోకి వస్తాయి. ఫెరారీ ఎఫ్40ది మరీ విచిత్రం. బరువు తగ్గించడానికి పెయింట్ ఎంత పలచగా వేశారంటే, కింద ఉన్న ఫైబర్ నేత పైనుంచి కనిపిస్తుంది. తెలియనివారు దాన్ని లోపమనుకుంటారు. తెలిసినవారు నేత కనిపించకపోతే, ఎవరో మందంగా మళ్లీ పెయింట్ వేశారని అనుమానిస్తారు.

మరో మూడు సంగతులు చెప్పి ఈ జవాబు ముగిస్తాను. రక్షణ ఫిల్మ్ ఉన్న భాగంలో గేజ్ ఫిల్మ్ మందాన్ని కూడా కలిపే చూపిస్తుంది, అది 150 నుంచి 200 మైక్రాన్లు ఉండటం మామూలే. ఫ్యాక్టరీలోనే లైన్ మీద పడిన గీతను సరిచేసి మళ్లీ పూత వేసిన భాగాలు కూడా ఉంటాయి గనుక, ఒక్క రేకు మీద 200 దాటినంత మాత్రాన ప్రమాదం జరిగిందని తీర్పు ఇవ్వకూడదు. మూడోది, ఎక్కువ అంకెకు భయపడేవారు తక్కువ అంకెను పట్టించుకోరు. మిగతా కారంతా 120 ఉండి బానెట్ మడత మీద 70 చూపిస్తే, పాలిష్ మెషిన్ అక్కడ క్లియర్ కోట్‌ను దాదాపు తినేసిందన్నమాట, దానికి ఇకపై పాలిష్ భాగ్యం లేదు.

ప్రశ్న: కారు చక్రాల చుట్టూ, తలుపు కింది భాగంలో పెయింట్ మీద పొక్కులు కనిపించాయి. బానెట్ మీద కూడా సూదిమొనంత పొక్కులు బోలెడు ఉన్నాయి. అమ్మే వ్యక్తి రెండూ ఒకటేనని, పాలిష్‌తో పోతాయని అన్నాడు.

జవాబు: రెండూ ఒకటి కావు, పాలిష్‌తో ఏదీ పోదు. చక్రం అంచున, తలుపు కింది మడతలో లేచే పొక్కులు తుప్పువి. అవి ఒక్కో పరిమాణంలో ఉంటాయి, గోటితో నొక్కితే కొన్ని పగిలి గోధుమ రంగు పొడి రాలుతుంది (నొక్కే ముందు యజమానిని అడగండి, నొక్కిన తర్వాత అడిగితే గొడవ అవుతుంది). తుప్పు బయటికి కనిపించేది కొంత, లోపల తిన్నది చాలా. పొక్కు కనిపించిన చోట రేకు లోపలి వైపు చేయి పెట్టి తడిమి, వీలైతే చిన్న అద్దం, టార్చి పెట్టి చూడండి. అల్యూమినియం రేకు ఉక్కు చట్రాన్ని తాకే చోట లేచే పొక్కు ఇలాంటిదే కానీ, అందులోంచి గోధుమ రంగుకు బదులు తెల్లని పొడి వస్తుంది. రెండు వేర్వేరు లోహాల మధ్య తేమ చేరితే అల్యూమినియం కరిగిపోయే చర్య అది. దాన్ని బాగు చేయడం పెయింటర్ పని మాత్రమే కాదు, రేకును విప్పి రెండు లోహాల మధ్య అడ్డుపొర వేయాలి.

బానెట్ మీద సమానంగా పరుచుకున్న సూదిమొన పొక్కులు పెయింట్ కిందికి చేరిన తేమ వల్ల వస్తాయి. ప్రైమర్ తేమ పీల్చుకున్న స్థితిలోనే పైన పూత వేయడం, లేదా నీళ్లు ఆరని కవరు కింద కారును నెలల తరబడి ఉంచడం దీనికి మామూలు కారణాలు. ఇది లోహానికి వెంటనే ప్రమాదం కాకపోయినా, ఆ బానెట్‌కు పెయింట్ గీకి మళ్లీ వేయాల్సిందే. దీన్ని పోలిన మరో లోపం ఉంది. పొక్కులా లేవకుండా, పూత మీద సన్నని రంధ్రాలు కనిపిస్తాయి. పై పొర తొందరగా గట్టిపడి, కింద చిక్కిన థిన్నర్ (పెయింట్‌ను పలచన చేసే ద్రవం) దాన్ని చీల్చుకుని బయటికి వచ్చినప్పుడు ఇలా జరుగుతుంది. ఇది తొందరపడిన పెయింటర్ సంతకం. ఒక్క చోట కనిపిస్తే ఆ కారు మీద అతని చేయి పడిన మిగతా చోట్లను కూడా వెతకండి.

ప్రశ్న: కార్వెట్ పాత మోడల్ ఒకటి చూశాను. తుప్పు పట్టదు గనుక బాడీ గురించి ఆలోచించనక్కర్లేదని చెప్పారు. కానీ హెడ్‌లైట్ల మూలల్లో సాలెగూడులాంటి నెర్రెలు, ఫెండర్ల మీద పొడవాటి సన్నని గీత కనిపించాయి.

జవాబు: ఫైబర్‌గ్లాస్ బాడీ తుప్పు పట్టదు, కానీ దాని కింది చట్రం ఉక్కుది, అది పడుతుంది. ముందు కారును పైకెత్తించి చట్రాన్ని చూడండి, పెయింట్ సంగతి ఆ తర్వాత. పొడవాటి సన్నని గీత విషయానికి వస్తే, కార్వెట్ బాడీని వేర్వేరు ఫైబర్‌గ్లాస్ భాగాలను గమ్‌తో అతికించి తయారు చేశారు. ఆ అతుకులు ఎండ వేడికీ వయసుకూ పెయింట్ కింద లేచి గీతగా కనిపించడం పాత కార్వెట్లలో సాధారణం. గీత సరిగ్గా అతుకు ఉండే చోటే ఉండి, రెండు వైపుల ఫెండర్ల మీదా ఒకే తీరులో ఉంటే కలవరపడనక్కర్లేదు. ఒక వైపే ఉంటే, రెండో వైపు భాగం మార్చారా అని అడగండి.

నెర్రెల విషయంలో ఆకారం చూడాలి. ఒక బిందువు నుంచి నక్షత్రంలా నలువైపులా పాకితే అక్కడ ఏదో గట్టిగా తగిలింది, తరచుగా లోపలి వైపు నుంచే. హెడ్‌లైట్ మూలలు, కీళ్ల చుట్టూ ఒకే దిశలో సాగే నెర్రెలు ఏళ్ల తరబడి పడిన ఒత్తిడి వల్ల వచ్చినవి. రెండింటికీ పైపైన లప్పం పూసి పెయింట్ వేస్తే కొద్ది నెలలకే మళ్లీ అదే చోట అదే నెర్రె కనిపిస్తుంది. నెర్రె చివరిదాకా గీకి కొత్త ఫైబర్ పొర వేసిన పనే నిలబడుతుంది. రేకు వెనక వైపు చూడగలిగితే, అక్కడ కొత్త ఫైబర్ గుడ్డ అతికించిన జాడ ఉందో లేదో తెలుస్తుంది.

ప్రశ్న: కారు చూడటానికి వెళ్లిన ప్రతిసారీ సాయంత్రమే రమ్మంటున్నారు, వెళ్లేసరికి అప్పుడే కడిగి ఉంచుతున్నారు. ఇది అనుమానించదగిన విషయమా?

జవాబు: అతిథి మర్యాద అనుకోవచ్చు, కానీ తడి కారును కొనవద్దు. నీటి పొర సన్నని గీతలన్నింటినీ నింపి పెయింట్‌ను కొత్తదానిలా చూపిస్తుంది. పగటి వెలుగులో, బాగా ఆరిన, ఎండకు వేడెక్కని కారును, వంగి పక్కవాటుగా చూడండి. నీడలో నిలబెట్టి ట్యూబ్‌లైటో, కిటికీ చట్రమో తలుపు మీద ఎలా ప్రతిబింబిస్తోందో గమనిస్తే, ఆ గీత వంకర పోయిన చోట లప్పం ఉందని తెలుస్తుంది. కొన్ని పాలిష్‌లలో గీతలను తాత్కాలికంగా నింపే మైనంలాంటి పదార్థం ఉంటుంది. అనుమతి తీసుకుని, కనిపించని చోట ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను నీటితో పలచన చేసి తుడిస్తే నిజమైన స్థితి బయటపడుతుంది. అయితే తుడవడం వల్ల చక్రాల్లా తిరిగిన సన్నని గీతలు మాత్రమే బయటపడితే బేరం వదులుకోవద్దు. అవి మురికి గుడ్డతో కడిగినందుకు వచ్చినవి, పాలిష్‌తో పోతాయి. గోటికి తగిలే గీత మాత్రం తరచుగా క్లియర్ కోట్ దాటి ఉంటుంది, అది పోదు.

అదే చూపుతో పెయింట్ ఉపరితలం నారింజ తొక్కలా ఉందేమో కూడా గమనించండి. కొద్దిగా ఆ గరుకుదనం ఫ్యాక్టరీ పనిలో కూడా ఉంటుంది, అది అన్ని భాగాల మీదా ఒకే తీరులో ఉంటే నిజానికి మంచి గుర్తు. తలుపు మీద ఉండి ఫెండర్ మీద నున్నగా ఉంటే ఆ రెండింటిలో ఒకదానికి చరిత్ర ఉంది.

ప్రశ్న: బంపర్ రంగు, బాడీ రంగు కాస్త తేడాగా ఉన్నాయి. మరో కారులోనేమో ఫ్యాక్టరీ ప్లేట్ మీద ఉన్న రంగు కోడ్, ఇప్పుడున్న రంగు కలవడం లేదు. రెండూ ఒకే స్థాయి లోపాలా? ఇలాంటివాటికి ధర ఎంత తగ్గించమని అడగవచ్చు?

జవాబు: మొదటిది చాలావరకు లోపమే కాదు. ప్లాస్టిక్ బంపర్‌కు పెయింట్ వేరే చోట, వేరే వేడిలో పడుతుంది. మెటాలిక్ రంగులో కలిపిన మెరిసే లోహపు రేణువులు ఏ వాలుగా పడుకున్నాయన్నదాన్ని బట్టి షేడ్ మారుతుంది గనుక, కొత్త కారులో కూడా బంపర్‌కూ ఫెండర్‌కూ సూక్ష్మమైన తేడా కనిపించవచ్చు. లోహపు భాగాల మధ్య, అంటే తలుపుకూ ఫెండర్‌కూ మధ్య తేడా కనిపిస్తేనే ఆరా తీయాలి. ఆ తేడాను ఒకే చోట నిలబడి కాకుండా, ఎదురుగానూ పక్కవాటుగానూ చూడండి. ఎదురుగా కలిసినట్టు కనిపించిన షేడ్ పక్కనుంచి విడిపోతుంది.

రంగు కోడ్ కలవకపోవడం అలా కాదు. కారు మొత్తానికి రంగు మార్చారు, కాబట్టి అది ఒరిజినల్ పెయింట్ కారు కానే కాదు. ఇక చూడవలసింది ఆ పని ఎంత లోతుగా జరిగిందని. తలుపు చట్రాల్లో, ఇంజన్ గది గోడల మీద, కార్పెట్ల కింద, డిక్కీ రబ్బరు చాటున పాత రంగు మిగిలి ఉంటే పైపైన వేసిన పని. ఇంజన్, రబ్బర్లు విప్పి లోపలిదాకా వేసిన పనికీ దీనికీ పోలిక లేదు. అమెరికా మార్కెట్‌కు వెళ్లిన కారైతే మరో ఆధారం దొరకవచ్చు. 1987 మోడల్ సంవత్సరం నుంచి, దొంగతనాలు ఎక్కువగా జరిగే మోడళ్లలో బానెట్, తలుపులు, ఫెండర్లు వంటి భాగాలకు కారు గుర్తింపు నంబరు (ఛాసిస్ నంబరు) ఉన్న చిన్న లేబుళ్లు అంటించేవారు. తర్వాత మార్చిన భాగాల లేబుల్ మీద నంబరుకు బదులు ‘ఆర్’ (R) అక్షరం ఉంటుంది. లేబుల్ మీద పెయింట్ పడి ఉన్నా, లేబులే లేకపోయినా, ఎందుకని అడిగే హక్కు మీకు ఉంది.

ధర విషయంలో నా పద్ధతి ఒకటే. లోపాలను మూడు కుప్పలుగా విడదీయండి: పాలిష్‌తో పోయేవి, పెయింట్‌తో పోయేవి, లోహం పని కావలసినవి. మొదటి కుప్పకు ధర తగ్గించమని అడగడం బేరసారాల ముచ్చటే తప్ప అవసరం కాదు. రెండో కుప్పకు ఆ రకం కార్ల మీద పని చేసిన ఇద్దరు పెయింటర్ల దగ్గర రాతపూర్వకంగా అంచనా తీసుకుని, ఎక్కువ చెప్పినదాన్నే అమ్మే వ్యక్తి ముందు పెట్టండి. ఎందుకంటే పాత పెయింట్ గీకిన తర్వాత బయటపడే పని ఎప్పుడూ తక్కువ ఉండదు. మూడో కుప్పలో ఏదైనా ఉంటే అంచనాతో సరిపెట్టుకోవద్దు. కారును పైకెత్తించి, లోపలి వైపు చూపించి, లోహం ఎంత తిన్నదో తెలిసేదాకా ధర మాటే ఎత్తవద్దు. అలా చూడటానికి యజమాని ఒప్పుకోకపోతే, అడ్వాన్స్ ఇవ్వకుండా తిరిగి వచ్చేయండి.